యోగా, ఆయుర్వేదం కలిపి చేస్తే ఏది ముందు, ఏది తర్వాత?

పొద్దుగాల_ఆసనం:

నమస్తే అందరికీ. మాది హన్మకొండ. ఇంట్లో ఇద్దరు ఈ మధ్యనే యోగా క్లాసులో చేరారు. ఇద్దరికీ ఆయుర్వేదం మీద కూడా నమ్మకం ఉంది. కానీ తలా ఒక మాట చెప్తుంటే ఏది ముందు చెయ్యాలో, ఏది అసలే వద్దో తేలడం లేదు.

అమ్మకు 58 ఏళ్లు, సన్నటి మనిషి. మలబద్ధకం, కడుపుబ్బరం, పొద్దున లేవగానే మోకాళ్లు పట్టేయడం. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటుంది. అన్నకు 36, బరువు ఎక్కువ. ఎనుమాముల యార్డులో పని, మిర్చి సీజన్ అంతా ముక్కు బిగుసుకునే ఉంటుంది. షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ వాడుతున్నాడు. బీపీ లేదు.

నూనె మర్దన ఆసనాలకు ముందా, తర్వాతా? త్రిఫల ఇద్దరూ తీసుకోవచ్చా? క్లాసులో జలనేతి (ఉప్పు నీళ్లతో ముక్కు కడగడం), శంఖ ప్రక్షాళన (ఉప్పు నీళ్లు తాగి పేగులు కడగడం) చేయిస్తామంటున్నారు. ఎండలు ముదురుతున్నాయి కదా, ఇప్పుడు చేయించొచ్చా? ఇంగ్లీషు మందులతో చూర్ణాలు కలిస్తే ఏమన్నా ఇబ్బందా?

వైద్యం_వడ్డేపల్లి:

వీటన్నిటికంటే ముందు రోజూ పొద్దున చూసుకోవాల్సింది ఒకటుంది: రాత్రి తిన్నది అరిగిందా లేదా. యోగాకూ ఆయుర్వేదానికీ ముడి పడేది అక్కడే. కడుపులో రెండు వంతులు అన్నం, ఒక వంతు నీళ్లు, నాలుగో వంతు ఖాళీ అని ఆయుర్వేదం చెప్తుంది. హఠయోగ గ్రంథాలు మితాహారం అన్నప్పుడు కూడా నాలుగో వంతు వదిలిపెట్టమనే చెప్తాయి.

అరిగిన గుర్తులు ఇవి: త్రేన్పు వస్తే తిన్నదాని వాసన రాదు, ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, విరేచనం దానంతట అదే అవుతుంది, వేళకు ఆకలీ దప్పికా వేస్తాయి. అరగకపోతే నాలుక మీద మందంగా తెల్ల పూత, పుల్ల త్రేన్పు, ఒళ్లు బరువు. అలాంటి రోజు నూనె మర్దన మానేయండి, అశ్వగంధ పాల లాంటి బలం మందులూ ఆపండి. జీర్ణం కుంటుపడ్డప్పుడు అవి ఒంటబట్టవు సరికదా, బరువును ఇంకా పెంచుతాయి. శొంఠి వేసి కాచిన నీళ్లు తాగి, మధ్యాహ్నం మెత్తటి అన్నం పెసరకట్టుతో తింటే చాలు. ఆసనాలు కూడా తేలికైనవి నాలుగు చేసి ఆపాలి.

ఇక అమ్మ విషయం. సన్నటి ఒళ్లు, గ్యాస్, మలబద్ధకం, కీళ్ల బిగుతు అన్నీ వాతం వైపే చూపిస్తున్నాయి. వాతానికి నూనె, వెచ్చదనం, నెమ్మది కావాలి. గానుగ నువ్వుల నూనె 40 నుంచి 50 మిల్లీలీటర్లు గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడి నీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేయండి. పొయ్యి మీద నేరుగా కాచకండి. చేతులకూ కాళ్లకూ పొడుగ్గా, కీళ్ల దగ్గర గుండ్రంగా, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు రుద్దాలి. పదిహేను నిమిషాలు రుద్ది, ఇంకో ఇరవై నిమిషాలు ఆగి గోరువెచ్చటి నీళ్లు పోసుకోవాలి. తల మీద మాత్రం వేడి నీళ్లు వద్దు, కళ్లకూ జుట్టుకూ మంచిది కాదు. జిడ్డు పోవడానికి సబ్బు కంటే పెసరపిండి నయం. రోజూ ఒళ్లంతా కుదరకపోతే మాడుకు, చెవులకు, అరికాళ్లకు రాసినా సరే. రోజూ వదలకూడని చోట్లు ఆ మూడే అని శాస్త్రమే చెప్పింది. స్నానాలగది నేల మీద కాలు జారకుండా చూసుకోండి, ఈ వయసులో అదే పెద్ద ప్రమాదం.

త్రిఫల రాత్రి భోజనమైన రెండు గంటలకు 3 గ్రాములు, గోరువెచ్చటి నీళ్లతో. కానీ అది ఒంటిని ఆరబెట్టే మందు. సన్నటి వాళ్లు నెలల తరబడి ఒట్టి చూర్ణం మింగితే పేగు ఇంకా ఎండి, మళ్లీ మలబద్ధకానికే వస్తారు. అమ్మకు అందులో చెంచాడు నెయ్యి కలపండి. విరేచనాలు పలుచబడితే మోతాదు సగం చేయండి. రాత్రి జొన్నరొట్టె ఒట్టి పచ్చడితో తినే అలవాటుంటే పాలకూర పప్పో తోటకూర పప్పో దండిగా పెట్టి, రొట్టెకు నెయ్యి రాయండి. ఈ మార్పుతోనే చాలామందికి సగం తేలికవుతుంది. ఇంకో మాట, థైరాయిడ్ మాత్ర మోతాదు చాలకపోయినా మలబద్ధకం ఉంటుంది, మోకాళ్లు పట్టేస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) చూపించకుండా చూర్ణాలు మార్చుకుంటూ పోకండి.

మీ అన్నది దీనికి పూర్తిగా తిరగేసిన శరీరం. కఫం, కొవ్వు ఎక్కువ. ఆయనకు రోజూ నూనె అవసరం లేదు, పొడి నలుగు కావాలి. ఉలవపిండి మూడు వంతులు, త్రిఫల చూర్ణం ఒక వంతు కలిపి, స్నానానికి ముందు పది నిమిషాలు కింది నుంచి పైకి, వెంట్రుకలకు ఎదురుగా రుద్దాలి. రాత్రి పెరుగు మానాలి. పగటి నిద్ర ఎండాకాలంలో అందరికీ పనికొస్తుందని చెప్పిన శాస్త్రమే, కొవ్వూ కఫమూ ఎక్కువున్న వాళ్లకు ఆ కాలంలో కూడా వద్దంది. మధ్యాహ్నం తిని కునుకు తీసే అలవాటుంటే మొదట అది మాన్పించండి.

చాప_మీద_మాట:

నూనె సంగతి నేను చెప్త. పాత దినచర్యల అభ్యంగం (నూనె మర్దన) ముందు, వ్యాయామం తర్వాత అని ఉంటది, నిజమే. కాని ఇప్పుడు క్లాసులల్ల వాడే రబ్బరు చాప మీద నూనె చేతులతోని అధోముఖ శ్వానాసనం చేస్తె అరచేతులు ముందుకు జారుతయి, బరువంత మణికట్టు మీద, భుజం మీద పడ్తది. అందుకే ఆసనాలు ముందు, ఆ తర్వాత శవాసనం, చెమట ఆరేదాక ఇరవై నిమిషాలు ఊకె కూసోవాలె. అప్పుడు నూనె, ఆ తర్వాత స్నానం. ఇంట్ల కొత్తవాడ జంపఖానా మీద చేసేటోళ్లు అది గచ్చు మీద జారకుంట ఒక కొస గోడకు ఆనిచ్చుకోవాలె.

ఎంతసేపు చెయ్యాలె అన్నదానికి ఆయుర్వేదంల మంచి కొలత ఉన్నది. ఉన్న బలంల సగమే వాడాలె, అది గూడ చలికాలంల, వసంతంల. మిగతా కాలాలల్ల అంతకన్న తక్కువ. సగం అయ్యిందని ఎట్ల తెలుస్తదంటె, నుదురు, ముక్కు, చంకలు, కీళ్ల దగ్గర చెమట పుడ్తది, నోరు ఎండుడు మొదలైతది. అక్కడ ఆపాలె. మన దగ్గర మే నెలల 44 డిగ్రీలు దాటే రోజులుంటయి. ఆ నెలల ఫిబ్రవరిల చేసినన్ని సూర్య నమస్కారాలే చెయ్యాలని పట్టుబట్టేటోళ్లను చూస్తనే ఉంటం. మధ్యాహ్నానికి తలనొప్పి, మూత్రంల మంట, రాత్రి నిద్ర రాదు. వాళ్ల ఆసనం తప్పు కాదు, కాలం తప్పు. ఎండాకాలంల ఐదు గంటలకు మొదలువెట్టి ఆరున్నర లోపల్నే ముగించుకోవాలె.

అమ్మకు: మంచం మీద కూసోనే మడమలు, మోకాళ్లు ఒక్కోటి పదిసార్లు మడిచి చాపుడు. తర్వాత పవనముక్తాసనం, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు, ఒక్కోదానికి ఐదు శ్వాసలు. పెద్దపేగు కుడి దిక్కు పైకెక్కి ఎడమ దిక్కు దిగుతది, అందుకే ఆ వరస. తర్వాత మార్జాలాసనం, సేతుబంధాసనం. బీపీ మాత్ర వేసుకుంటది కాబట్టి శీర్షాసనం, సర్వాంగాసనం, కపాలభాతి, ఊపిరి బిగవట్టుడు ఏదీ వద్దు. వంగి లేచేటప్పుడు మెల్లగ లేవాలె, బీపీ మందు మీద ఉన్నోళ్లకు కండ్లు తిరుగుతయి. ఊపిరి ఆపకుంట అనులోమ విలోమం పది నిమిషాలు చేస్తె చాలు. అన్నం తిన్నంక వజ్రాసనం అంటరు గాని, నొప్పి ఉన్న మోకాళ్లకు అది కష్టం. పిక్కకు, తొడకు నడుమ మడిచిన దుప్పటి పెట్టాలె. అయినా నొస్తె వజ్రాసనం ఇడిచిపెట్టి వంద అడుగులు నడువుమనున్రి, పని అదే అయితది.

అన్నకు: సూర్య నమస్కారాలు నాలుగుతోని మొదలువెట్టి, వారానికి రెండు పెంచుకుంట పన్నెండుకు పోవచ్చు. కపాలభాతి ముప్పై కొట్లు, ఒక నిమిషం ఆగి మళ్ల ముప్పై, గట్ల మూడుసార్లు. వేళ్లు తిమ్మిరెక్కినా తల తిరిగినా ఒంట్ల కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిందని అర్థం, శుద్ధి అయితున్నదని కాదు. ఆపి మామూలుగ ఊపిరి తీసుకోవాలె. ఒంటికి వేడి చేసే ప్రాణాయామాలు భస్త్రిక, సూర్యభేదన ఏప్రిల్, మే నెలలల్ల పక్కన పెట్టాలె. శీతలి చల్లగ ఉంటది గాని అది నోటితోని గాలి పీల్చుడు. దుమ్మున్న చోట, ముక్కు బిగుసుకున్నప్పుడు పనికిరాదు, ముక్కు వడగట్టే పని నోరు చెయ్యదు.

ఒక హెచ్చరిక అందరికి. కంట్ల నీటికాసులు ఉన్నోళ్లు శీర్షాసనం జోలికి పోవద్దు. తల కిందులైతె కంటి పీడనం దాదాపు రెట్టింపు అయితది.

పొద్దుగాల_ఆసనం:

వైద్యం గారూ, చాప అన్నా, చాలా సాయం చేశారు. శంఖ ప్రక్షాళన మాట మిగిలింది. ఆదివారం సామూహికంగా చేయిస్తారట. ఇంకొకటి, క్లాసు కాగానే అందరికీ వేడి నీళ్లలో తేనె, నిమ్మకాయ కలిపి ఇస్తున్నారు. అది తాగొచ్చా?

వైద్యం_వడ్డేపల్లి:

శంఖ ప్రక్షాళన మీ ఇంట్లో ఇద్దరికీ వద్దు. అమ్మకు బీపీ, అంత ఉప్పు నీళ్లు తాగకూడదు. అన్న గ్లిమెపిరైడ్ మీద ఉన్నాడు, తిండి లేకుండా గంటల తరబడి విరేచనాలు అయితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

చదివే మిగతావాళ్ల కోసం అసలు విషయం చెప్తాను. లీటరు నీళ్లకు సుమారు 9 గ్రాముల ఉప్పు వేస్తారు. అంటే రక్తంలో ఉన్నంత ఉప్పదనం. అలా ఉంటేనే పేగు ఆ నీటిని పీల్చుకోకుండా కిందికి పంపేస్తుంది. ఉప్పు బాగా తగ్గితే నీళ్లు ఒంట్లోకి పోయి, రక్తంలో సోడియం పలచబడి వాంతులు, తల దిమ్ము వస్తాయి. ఉప్పు ఎక్కువైతే పేగు ఒంట్లోని నీటినే లాగేస్తుంది. అందుకే చేత్తో గుప్పెడు వేసి కలపడం కాదు, తూచి వేయాలి. రెండు గ్లాసులు తాగి తాడాసనం, తిర్యక తాడాసనం, కటి చక్రాసనం, తిర్యక భుజంగాసనం, ఉదరాకర్షణాసనం ఒక్కోటి ఎనిమిదిసార్లు చేసి, మళ్లీ రెండు గ్లాసులు. పక్కన నేర్పేవాళ్లు లేకుండా ఇంట్లో చేయకండి.

ఎక్కువమందికి తేడా కొట్టేది ఆ రోజు కాదు, ఆ తర్వాత. పూర్తయిన ముప్పావు గంటకు పెసరపప్పు, బియ్యం మెత్తగా ఉడికించి, నెయ్యి బాగా వేసి తినాలి. పాలు, పచ్చిమిర్చి, పులుపు, మాంసం వారం దాకా వద్దు. ఆయుర్వేదంలో విరేచనం చేయించాక మొదట గంజి, తర్వాత జావ, ఆ తర్వాత మెత్తటి అన్నం, కట్టు అని మూడు నుంచి ఏడు రోజులు మెట్లుమెట్లుగా తిండి పెంచుతారు. రెండు పద్ధతుల్లోనూ కారణం ఒక్కటే. కడిగేసిన కడుపులో జఠరాగ్ని చిన్న దీపంలా ఉంటుంది, దాని మీద ఒక్కసారే మోపెడు కట్టెలు వేస్తే ఆరిపోతుంది. ఆదివారం ప్రక్షాళన చేసుకొని సోమవారం దావత్‌కు పోతే, నెల తిరిగేసరికి గ్యాస్ ముందుకంటే ఎక్కువై మా దగ్గరికి వస్తారు. అదే సీజన్‌లో పంచకర్మలో విరేచనం కూడా చేయించుకునే ఆలోచన ఉంటే రెండిట్లో ఒకటే పెట్టుకోండి. ఎండలు మండేటప్పుడు ఆ ఒకటి కూడా వద్దు. ఆరోగ్యవంతులకు విరేచనానికి శాస్త్రం చెప్పిన కాలం శరత్తు, బతుకమ్మ పండుగ చుట్టుపక్కల రోజులు.

తేనె నీళ్లు: తేనెను కాచకూడదు, వేడి నీళ్లలో కలపకూడదు అని ఆయుర్వేదం గట్టిగా చెప్తుంది. తాగేవాళ్లు మామూలు నీళ్లలో చెంచాడు కలుపుకోవాలి. అన్నకు షుగర్ ఉంది, తేనె కూడా చక్కెరే, మానేయమనండి. అమ్మకు పరగడుపున నిమ్మ పులుపు మంట పుట్టిస్తే ఒట్టి గోరువెచ్చటి నీళ్లు ఒక గ్లాసు చాలు.

మాత్రల_పెట్టె_కాజీపేట:

మందుల దగ్గర ఎక్కువగా తేడా వచ్చే చోట్లు రాస్తున్నాను.

థైరాయిడ్ మాత్ర లేవగానే ఒట్టి నీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట ఏమీ తినకూడదు, టీ కూడా వద్దు. ఆసనాలకు ఆ గంట సరిగ్గా సరిపోతుంది. ఇనుము ఉన్న లోహ భస్మం, మండూరం, సున్నం ఉన్న శంఖ భస్మం, అలాగే ఇసబ్‌గోల్ ఆ మాత్రను ఒంట్లోకి పోనివ్వవు. వీటికి నాలుగు గంటల ఎడం కావాలి. త్రిఫల రాత్రి పూట కాబట్టి అడ్డు రాదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, డాక్టరుకు చెప్పకుండా మొదలుపెడితే మాత్ర మోతాదు లెక్క తప్పుతుంది.

గ్యాస్‌కు అడిగిన ప్రతివాళ్లకూ లవణ భాస్కర చూర్ణం ఇచ్చేస్తుంటారు. అందులో రకరకాల ఉప్పులే ఎక్కువ, బీపీ ఉన్న అమ్మకు వద్దు. హింగ్వాష్టక చూర్ణంలో ఎనిమిది దినుసుల్లో ఒక్కటే ఉప్పు. వైద్యులను అడిగి 2 గ్రాములు, మధ్యాహ్నం మొదటి ముద్దలో నెయ్యితో కలిపి తినడం దాని పద్ధతి. దగ్గు మందుల్లో, కడుపు మంట మందుల్లో అతిమధురం ఉందేమో డబ్బా మీద చదవండి. అది రోజుల తరబడి వాడితే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ మాత్ర మూత్రం ఎక్కువ చేసే రకమైతే పొటాషియం ఇంకా పడిపోతుంది.

అన్న విషయంలో చాప అన్న చెప్పిన చెమట గుర్తుకు ఒక మెలిక ఉంది. గ్లిమెపిరైడ్ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. పరగడుపున సూర్య నమస్కారాలు చేస్తుంటే పట్టే చెమట శ్రమదా, షుగర్ పడిపోవడమా అన్నది తెలియాలి. శ్రమ చెమటైతే ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఆగితే తగ్గుతుంది. షుగర్ పడితే చెమట చల్లగా పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడ, చిరాకు, ఆకలి. మీటరులో 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు టీ చెంచాలు, నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. క్లాసుకు వెళ్లే సంచిలో చక్కెర పొట్లం ఉండాల్సిందే. దీని మీద మెంతులు, కాకర రసం, పొడపత్రి అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఏదో ఒకటి, అదీ డాక్టరుకు చెప్పి, రెండు వారాలు షుగర్ రాసుకుంటూ.

పాదరసం లాంటి విష దినుసులున్న మందుల డబ్బా మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉంటుంది. చట్టం ప్రకారం షెడ్యూల్ ఇ-1 అనే విష దినుసుల జాబితాలోవి ఉన్న వాటికి అది తప్పనిసరి. ఏ పేరూ లేని పొట్లం మందులు కొనకండి. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. ఇద్దరినీ అక్కడ చూపించండి, ఇంగ్లీషు మందుల చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.

యార్డు_గేటు:

ముక్కు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. షట్కర్మలు, అంటే నేతి లాంటి ఆరు శుద్ధి క్రియలు, కఫం, కొవ్వు ఎక్కువున్న వాళ్లకే ముందు చెయ్యాలని, దోషాలు సమంగా ఉన్నవాళ్లకు అవసరం లేదని హఠయోగ ప్రదీపికే చెప్పింది. కాబట్టి నేతి మీ అన్నకు సరిపోతుంది, అమ్మకు పనిలేదు.

అర లీటరు నీళ్లు కుతకుత మరిగించి చల్లార్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు 4.5 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన ఒక టీ చెంచాకు కాస్త తక్కువ, కలపాలి. బోరు నీళ్లు, నల్లా నీళ్లు మరిగించకుండా ముక్కులో పోయకూడదు. నీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు గుండా మెదడుకు పాకుతుంది, అరుదే గానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు తక్కువైతే ముక్కు భగ్గుమంటుంది. చేశాక నడుం వంచి తల అటూ ఇటూ తిప్పి నీళ్లు కార్చేయాలి, తర్వాత రెండు ముక్కులూ తెరిచే ఉంచి మెల్లగా చీదాలి. ఒక పక్క మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవిలోకి ఎక్కి పోటు మొదలవుతుంది. ముక్కు పూర్తిగా బిగుసుకున్న రోజు, చెవి నొప్పి ఉన్న రోజు నేతి వద్దు.

మిర్చి ఘాటుకు మాత్రం నేతి ఒక్కటే చాలదు. కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. యార్డుకు పోయే ముందు చిటికెన వేలితో నువ్వుల నూనె రెండు ముక్కుల లోపలి అంచుకు పల్చగా రాసుకోవాలి. మొహానికి గుడ్డ కట్టుకోవాలి. ఇంటికొచ్చాక ముందు ఆ నూనెను మెత్తటి గుడ్డతో తుడిచేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కొని, అప్పుడు నేతి. కడుక్కోని చేతులతో నేతి చెంబు పట్టుకుంటే కళ్లూ ముక్కూ రెండూ మండుతాయి. రోజు విడిచి రోజు చేస్తే చాలు. రోజూ చేస్తే ముక్కు లోపలి తడి పొర ఎండి పక్కు కడుతుంది. నేతి లేని రోజు రాత్రి ఒక్కో ముక్కులో రెండు చుక్కల నువ్వుల నూనె వేసుకోవచ్చు. అన్నం తిన్న వెంటనే, తలస్నానం చేసిన వెంటనే, జలుబు కొత్తగా పట్టినప్పుడు ఆ చుక్కలు వద్దు.

పొద్దుగాల_ఆసనం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక్కటి, మే నెలలో అమ్మకు నువ్వుల నూనె వేడి చేస్తుందా, ఆపెయ్యాలా?

వైద్యం_వడ్డేపల్లి:

ఆపక్కర్లేదు. ఎండాకాలంలో వాతం లోపల పోగవుతుంది, వానలు పడగానే అది బయటపడి మోకాళ్లు ఎక్కువ సతాయిస్తాయి. మేలో నూనె పూర్తిగా మానేస్తే ఆ తేడా జూలైలో తెలుస్తుంది. ఒళ్లు మంటగా ఉంటే ఛాతీకీ పొట్టకూ కొబ్బరి నూనె రాసి, మోకాళ్లకూ నడుముకూ నువ్వుల నూనెనే ఉంచండి. వెచ్చబెట్టడం మానేసి వారానికి రెండు మూడుసార్లు, పొద్దున ఏడు లోపే. మధ్యాహ్నం పెరుగు బదులు సల్ల పోయండి: ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీళ్లు, బాగా చిలికి వెన్న తీసి, వేయించిన జీలకర్ర పొడి వేసి. ఉప్పు నామమాత్రంగా. జొన్న అంబలి కూడా ఇవ్వొచ్చు, కానీ పులుపెక్కకముందే తాగాలి. మామిడికాయ తొక్కు కొత్తగా పెట్టే రోజులు కాబట్టి దాని మీద ఒక కన్నేసి ఉంచండి. టీఎస్‌హెచ్ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తే త్రిఫల కొనసాగించాలో లేదో చెప్తాను.